బోరు మోటారు దానంతట అదే ఆన్ అవుతోందా? మొబైల్ స్టార్టర్‌లో ఏం చూడాలి

అనంతపురం చుట్టుపక్కల తోటల్లో మొబైల్ స్టార్టర్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. ఇంట్లో ఉండి ఫోన్‌తోనే బోరు మోటారును ఆన్, ఆఫ్ చేసుకునే పెట్టె ఇది. చీనీ చెట్లకు నీళ్లు పెట్టడానికి అర్ధరాత్రి చీకట్లో పోయే బాధ తప్పించింది. కానీ దానిలో సిమ్ వేశామంటే, మన బోరు స్విచ్చికి బయటి నుంచి ఒక దారి తెరిచినట్టే.

సమస్య: మనం ఫోన్ చేయకుండానే మోటారు ఆన్ అవుతోంది

ముందు స్టార్టర్ ఆటోలో ఉందేమో చూడండి. ఆటోలో ఉంటే త్రీఫేజ్ కరెంటు వచ్చిన కాసేపటికి అదే ఆన్ చేస్తుంది. మాన్యువల్‌కు మార్చి రెండు రోజులు గమనించండి. ఆగిపోతే టెన్షన్ పడే పనే లేదు.

మాన్యువల్‌లో ఉన్నా ఆన్ అవుతుంటే, అది ఇంకెవరి మాటో వింటూ ఉండొచ్చు. గార్లదిన్నె దగ్గర ఒక తోటలో పెట్టె తెరిచి చూస్తే, మూత లోపల స్కెచ్ పెన్నుతో సిమ్ నంబరు, దాని కిందే పాస్‌వర్డ్ 1234 రాసి ఉన్నాయి. పెట్టెకు తాళం లేదు. ఎవరి నంబర్ల మాట వినాలో నమోదు చేయనే లేదు. బోరులో నీళ్లు లేనప్పుడు మోటారు తిరిగిందంటే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) కాలిపోతుంది, ఎందుకంటే దాన్ని చల్లబరిచేది ఆ నీళ్లే.

వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. నమోదైన నంబర్లన్నీ తీసేసి, ఇప్పుడు వాడుతున్నవే ఎక్కించండి. పాత కౌలుదారుది, మీరు వదిలేసిన సిమ్‌ది తప్పకుండా తీసేయాలి. వదిలేసిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఫోన్ చేసిన నంబరును మార్చి చూపించే మోసాలూ ఉన్నాయి కాబట్టి, మిస్డ్ కాల్‌తో కాకుండా పాస్‌వర్డ్ అడిగి ఆన్ చేసే పద్ధతి పెట్టుకోండి. మూత మీద రాత చెరిపేసి తాళం వేయండి.

మన బోరు జోలికి ఎవరొస్తారులే అంటారు చాలామంది. 2023 నవంబరులో అమెరికాలో అలిక్విప్పా అనే చిన్న ఊరి నీళ్ల పంపింగ్ స్టేషన్ కంట్రోలర్‌ను, అంటే పంపులను నడిపే చిన్న కంప్యూటర్‌ను, హ్యాకర్లు చేజిక్కించుకున్నారు. ఆ రకం కంట్రోలర్లకు ఫ్యాక్టరీలో పెట్టే పాస్‌వర్డ్ 1111. సిబ్బంది చేత్తో నడుపుకున్నారు కాబట్టి ఊరికి నీళ్లు ఆగలేదు. అందుకే నేను ఏ తోటలోనూ పాత బటన్లు పీకేయను.

సమస్య: ఫోన్‌లో ఆఫ్ అని వచ్చింది, మోటారు ఆగలేదు

కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపే, తెంచే స్విచ్చి) పాయింట్లు కాలి అతుక్కుపోయి ఉంటాయి. కొన్ని స్టార్టర్లు ఆపమని చెప్పగానే ఆఫ్ అని మెసేజ్ పంపేస్తాయి, మోటారు నిజంగా ఆగిందో లేదో చూడవు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ ఇరాన్‌లో సెంట్రిఫ్యూజ్‌లను (యురేనియం శుద్ధి చేసే యంత్రాలను) పాడుచేస్తూనే, స్క్రీన్ మీద అంతా బాగున్నట్టు చూపించింది. స్క్రీన్‌ను ఒక్కదాన్నే నమ్మితే ఇదే ఇబ్బంది. మెయిన్ దించి కాంటాక్టర్ మార్పించండి. ఆంప్స్ (మోటారు లాగుతున్న కరెంటు) కూడా మెసేజ్‌లో పంపే స్టార్టర్ అయితే మేలు. సున్నా వస్తేనే ఆగినట్టు.

సమస్య: ఎంత ఫోన్ చేసినా పలకదు

ఎక్కువసార్లు సిమ్ రీఛార్జి అయిపోయి ఉంటుంది, లేదా సిగ్నల్ ఉండదు. పాస్‌వర్డ్ తప్పని జవాబు వస్తే మాత్రం ఎవరో మార్చి ఉండొచ్చు. రీసెట్ చేసి నంబర్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి.

ఇన్ని చేసినా రాత్రిపూట ఆన్ అవుతుంటే, మెయిన్ దించి సిమ్ తీసి జేబులో పెట్టుకోండి. మెకానిక్ వచ్చేదాకా పచ్చ బటన్‌తోనే నడపండి.