నానమ్మ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం

పెరంబూర్‌లో మా ఇంటి అటక సర్దుతుంటే పదకొండు క్యాసెట్లు దొరికాయి. నానమ్మ పాడిన మంగళహారతులు, ఊయల పాటలు నాన్న టేప్‌రికార్డర్‌లో పట్టి ఉంచినవి. మీ ఇంట్లోనూ అలాంటివి ఉంటే ఇలా చేయండి.

దొరికిన వెంటనే ప్లే చేయకండి. చెన్నై చెమ్మకి టేపుకి తెల్లబూజు పడుతుంది. అది టేప్‌రికార్డర్ హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. బూజు లేనివాటిని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి, వెనక్కి తిప్పండి. అతుక్కున్న చుట్లు వదులవుతాయి.

రెండు వైపులా 3.5 ఎంఎం పిన్ను ఉన్న వైరు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. ఒక పిన్ను టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ సాకెట్‌లో, రెండోది డెస్క్‌టాప్ వెనక నీలం రంగు లైన్-ఇన్‌లో. పక్కనున్న గులాబీ రంగుది మైక్‌ది, అందులో పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది.

రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. అందులో శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలో) 44,100 హెర్ట్జ్ పెట్టండి. శబ్దం చూపే మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. నానమ్మ పల్లవి గొణిగినట్టు పాడి చరణంలో ఒక్కసారిగా గొంతెత్తేది, అందుకే ముందు చరణం వినిపించి వాల్యూమ్ సరిచూసుకున్నాను. అరవై నిమిషాల క్యాసెట్‌కి ఒక్కో వైపు అరగంట, ఇందులో అడ్డదారి లేదు. నేను ఆ టైములో చిక్కుడుకాయలు ఒలుచుకున్నాను.

టేపు బుస తీసేద్దామని ఆడాసిటీలోని నాయిస్ రిడక్షన్ గట్టిగా వాడితే నానమ్మ రేకు డబ్బాలోంచి పాడినట్టయింది. కొంచెం బుస ఉండనివ్వండి. పాటకీ పాటకీ మధ్య "పొయ్యి మీద పాలు చూడవే" అన్న మాటా నేను కత్తిరించలేదు.

దాచుకోవడానికి ఫ్లాక్ (FLAC) అనే ఫైలు రకం వాడండి. కుదించని అరగంట స్టీరియో వేవ్ (WAV) ఫైలు 300 ఎంబీ దాటుతుంది, ఫ్లాక్ దాదాపు సగానికి తెస్తుంది, నాణ్యత రవ్వంత కూడా పోదు. ఫోన్‌కీ కారుకీ దాన్నుంచే 192 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) ఎంపీ3 తీసుకోండి. మొదటి రెండు క్యాసెట్లకి చోటు కలిసొస్తుందని 64 కేబీపీఎస్‌లో ఎంపీ3 చేసి అసలు ఫైళ్లు చెరిపేశాను. తర్వాత వాటిని ఫ్లాక్‌లోకి మార్చినా సైజే పెరిగింది, పోయిన గొంతు రాలేదు. ఆ రెండూ మళ్లీ మొదటి నుంచి పట్టాల్సి వచ్చింది.

ఫైలు పేర్లకి ముందు 01, 02 అని పెట్టండి. ఉత్త 1, 2 పెడితే మా కారు ప్లేయరు 1 తర్వాత 10కి దూకింది. తెలుగు పేర్లయితే దానికి డబ్బాల్లా కనిపిస్తాయి, కారు పెన్‌డ్రైవ్‌కి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు పెట్టాను.