పటచిత్రం కొనేముందు ఫోను జూమ్ చెయ్యండి

మా బరంపురం వచ్చిన చుట్టాలందరికీ పటచిత్రం కావాలి, అదే, బట్ట మీద చేత్తో వేసే ఒడిశా బొమ్మ. కొట్టాయన మాటల్లో పడ్డారో, అయిపోయారే! "చిత్రకారుల ఊరు రఘురాజపూర్ నుంచి నిన్ననే దిగింది బాబూ, ఆరు నెలల పని" అంటూ పక్క ఫ్రేము మీది ఎర్ర చుక్క చూపిస్తాడు, అమ్ముడైపోయిందని. (ఆ చుక్క దసరా నుంచీ అక్కడే ఉంది.)

ఆయన్ని మాట్లాడనివ్వండి. మీరు ఫోను కెమెరా జూమ్ చేసి గీత అంచు చూడండి. అచ్చు వేసిందైతే సన్నటి రంగు చుక్కలు ఇసకలా కనిపిస్తాయి. చేత్తో వేసిన గీత ఓచోట లావు, ఓచోట సన్నం. అచ్చు మీద నాలుగు గీతలు దిద్ది అమ్మేవాళ్లూ ఉన్నారు, కాబట్టి దేవుడి ముఖంతో ఆగకుండా అంచున పూల వరస కూడా చూడండి. చేత్తో వేస్తే ఏ రెండు పూలూ అచ్చంగా ఒకలా ఉండవు. వెనక్కి తిప్పితే నేత తెలియాలి. బట్టకి చింతగింజల జిగురు, సుద్ద పూస్తారు గనక బిరుసుగా ఉంటుంది. ఫ్రేము విప్పనంటే వదిలేయండి.

అన్నీ బాగుంటే బిల్లు మీద "చేత్తో వేసినది" అని, వేసినవాళ్ల పేరూ రాయమనండి. మా బావ అలా అడిగేసరికి ధర సగానికి దిగింది. బిల్లు మాత్రం రాలేదు.