చిట్టెలుకలకి పెయింట్ బకెట్ బోను

మందు పెడితే ఎలుక ఏ బీరువా వెనకో చచ్చి వారం రోజులు కంపు, జిగురు అట్ట పెడితే అది రాత్రంతా కీచుమంటూ ఉంటుంది. ఈ రెండూ లేకుండా ఇంట్లో ఉన్నవాటితోనే పనవుతుంది.

20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ తీసుకుని, పై అంచు దగ్గర ఎదురెదురుగా రెండు రంధ్రాలు పెట్టండి. లీటరు వాటర్ బాటిల్ మూత నడిమధ్యలో ఒకటి, అడుగు నడిమధ్యలో ఒకటి కాల్చిన మేకుతో రంధ్రాలు పొడిచి, గట్టి ఇనుప తీగని బకెట్ రంధ్రాల్లోంచి, బాటిల్లోంచి దూర్చేయండి. బాటిల్ వేలు తగిలితే గిర్రున తిరగాలి, అదే అసలు కిటుకు. దాని నడుమ చుట్టూ ఒక చెంచా వేరుశనగపప్పు, బెల్లం నూరిన ముద్ద పూసి, నేల నుంచి అంచు దాకా ఒక చెక్క ఆనించాలి. ఎలుక చెక్క ఎక్కి ముద్ద కోసం బాటిల్ మీద కాలు పెట్టగానే అది తిరిగి, ఎలుక బకెట్లో పడుతుంది. లోపలి గోడకి కాస్త నూనె రాస్తే పాకి పైకి రాలేవు. బియ్యం బస్తాల పక్కన గోడ వారగా పెట్టండి, ఎలుకలు గది మధ్యలో పెద్దగా తిరగవు. పొద్దున్నే తీసి దూరంగా వదిలేయండి, ఎండెక్కేదాకా ఉంచొద్దు.

పెద్ద ఎలుకలకి, పందికొక్కులకి మాత్రం ఇది పనికిరాదు, ఎగిరి బయటపడతాయి. వాటికి ఇనుప బోనే.