డోటా స్కాన్‌కి విశాఖ వచ్చే రాయగడ వాళ్లు రైలెక్కే ముందు చూసుకోవాల్సినవి

మా రాయగడ, గుణుపూర్ వైపు నుంచి వచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "బాబూ, అమ్మకి డోటా స్కాన్ రాశారు. పరగడుపున తీసుకురావాలా?" డోటా స్కాన్ అంటే న్యూరోఎండోక్రైన్ గడ్డల్ని, అంటే హార్మోన్లు వదిలే కణాల్లో పుట్టే గడ్డల్ని, వెతికే పెట్ సీటీ స్కాన్; ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు ఎక్కడ చేరిందో చూపిస్తుంది. తిండి సంగతి తరువాత. ముందు నేనడిగేది వేరే: అమ్మకి ఈ గడ్డల కోసం నెలనెలా వేసే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ ఆఖరుసారి ఏ తేదీన వేశారు?

నేను విశాఖపట్నంలో పెట్ సీటీ టెక్నాలజిస్టుని. స్కాన్ అవసరమా కాదా అన్నది మీ డాక్టరు గారే తేల్చాలి. ఆయన రాసిచ్చాక ఏం చేయాలో మాత్రం నేను చెప్పగలను.

ఆ తేదీ ఎందుకంటే, మన ఒంట్లో సొమాటోస్టాటిన్ అనే హార్మోను ఉంటుంది. దాన్ని పట్టుకునే రిసెప్టార్లు కొన్ని కణాల పైన ఉంటాయి. పేగుల్లో, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో వచ్చే న్యూరోఎండోక్రైన్ గడ్డల మీద ఇవి చాలావరకు దండిగా ఉంటాయి. అసలు హార్మోను రక్తంలో రెండు మూడు నిమిషాలు కూడా నిలవదు. అందుకని దానిలాగే అతుక్కునే, ఎక్కువసేపు నిలిచే ఎనిమిది అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్ తయారుచేశారు. దానికి డోటా అనే అణువు తగిలించి, అందులో రేడియోధార్మిక గాలియం-68 బిగిస్తాం. నరంలోకి ఎక్కించాక పెప్టైడ్ వెళ్లి గడ్డకి అతుక్కుంటుంది. గాలియం నుంచి పాజిట్రాన్ వస్తుంది, అది పక్కనున్న ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమైపోతూ ఎదురెదురు దిక్కుల్లో రెండు గామా కిరణాలు వదులుతుంది. మెషీన్ రింగు ఆ రెంటినీ ఒకేసారి పట్టుకుని అవి ఎక్కడ పుట్టాయో లెక్కగడుతుంది. చీటీలో డోటాటేట్ అని ఉండి మా దగ్గర డోటానాక్ ఉంటే కంగారు పడకండి. రెండూ ఒక కుటుంబానివే. ఏది చేస్తారో అడిగి డాక్టరు గారికి ఒక మాట చెప్పండి, చాలు.

నెలకోసారి వేసే ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ కూడా వెళ్లి కూర్చునేది ఆ రిసెప్టార్ల మీదే. కాబట్టి స్కాన్‌ని తరువాతి డోసుకి కాస్త ముందు, అంటే నాలుగో వారం చివర్లో పెట్టుకోవాలి. రోజూ పొడిచే చిన్న ఇంజెక్షన్ అయితే మామూలుగా 24 గంటల ఎడం అడుగుతాం. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. కొందరికి ఆ మందు లేకపోతే విరేచనాలు, మొహం ఎర్రబడడం తిరగబెడతాయి. ముందు మందు రాసిన డాక్టరుకి ఫోన్ చేయండి, తరువాత సెంటర్‌కి చేయండి. ఈ రెండు ఫోన్లూ అయ్యాకే టికెట్.

ఇక టైము. గాలియం మాకు జెర్మేనియం-68 ఉన్న జెనరేటర్ నుంచి వస్తుంది. మా వాళ్లు దాన్ని ఆవు అంటారు, పొద్దున్న ఆసిడ్‌తో పితికితే గాలియం దిగుతుంది, మళ్లీ నిండడానికి కొన్ని గంటలు పడుతుంది. జెర్మేనియం సగం అవడానికి 271 రోజులు పడుతుంది కాబట్టి ఒక జెనరేటర్ నెలల తరబడి ఇస్తుంది. గాలియం మాత్రం 68 నిమిషాలకే సగమైపోతుంది. పది గంటలకి తయారైన మందు 11:08కి సగం, 12:16కి పావు. దాచిపెట్టడం కుదరదు. అందుకే పొద్దున్న రాయగడలో ఎక్కి నేరుగా స్కాన్‌కి వస్తామంటే నేను ఒప్పుకోను. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం సరిగ్గానే దాటొచ్చు, కానీ కొత్తవలసలో సిగ్నల్ కోసం ఆగిన రైలుకి మా గాలియం గొడవ తెలీదు. ముందురోజే దిగండి. స్కాన్ రోజు సాయంత్రానికే తిరుగు టికెట్ కూడా తీసేయకండి. తయారైన మందు క్వాలిటీ టెస్టులో పోతే మేమే మర్నాటికి రమ్మంటాం.

కాగితాల్లో ముఖ్యమైనది బయాప్సీ రిపోర్టు. అందులో గడ్డ కణాల్లో ఎన్ని విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ-67 అనే శాతం ఉంటుంది. 3 కన్నా తక్కువైతే గ్రేడ్ 1, 3 నుంచి 20 అయితే గ్రేడ్ 2, ఆపైన గ్రేడ్ 3. వేగంగా పెరిగే గడ్డల మీద ఈ రిసెప్టార్లు తగ్గిపోవచ్చు, వాళ్లకి ఎఫ్‌డీజీ అనే వేరే మందుతో చేసే పెట్ స్కాన్ కూడా అడగొచ్చు. పాత సీటీ ఉంటే ఫిల్ము ఒక్కటే కాదు, సీడీ కూడా తేండి. ఆధార్‌లో లఖ్మీ, ఫైల్లో లక్ష్మి అని ఉంటే ముందే చెప్పండి, కౌంటర్ దగ్గర గంట పోతుంది. ఒడిశా ఆయుష్మాన్ కార్డు ఈ స్కాన్‌కి నడుస్తుందా, కాంట్రాస్ట్‌కి (సీటీలో బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) వేరే డబ్బులా అన్నవి కూడా ఫోన్లోనే అడిగేయండి.

మన వైపు వాళ్లు అడక్కపోతే చెప్పనివి రెండున్నాయి. ఒకటి టీబీ. మందులు వాడేశాం, తగ్గిపోయిందిగా అని ఊరుకుంటారు. టీబీ వల్ల వాచిన గ్రంథి కూడా ఈ స్కాన్‌లో వెలగొచ్చు. రెండోది ప్లీహం. మన కొండ ప్రాంతంలో సికిల్ సెల్ ఎక్కువ, కొందరికి ప్లీహం తీసేసి ఉంటారు. అలాంటప్పుడు కడుపులో మిగిలిపోయిన చిన్న ప్లీహం ముక్కలు పెరిగి, స్కాన్‌లో అచ్చం గడ్డలా మెరుస్తాయి. రిపోర్టు రాసే డాక్టరుకి ఈ సంగతి తెలియకపోతే లేని గడ్డ ఉందనుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు తిండి. ఎఫ్‌డీజీ అంటే చక్కెర లాంటి మందు, దానికి పరగడుపు కావాలి. ఈ పెప్టైడ్‌కి చక్కెరతో పని లేదు. సీటీలో కాంట్రాస్ట్ ఎక్కిస్తే మాత్రం కొన్ని గంటలు తినొద్దంటారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు ఆ సంగతి చెప్పాలి. నీళ్లు బాగా తాగండి. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ఇంజెక్షన్‌కి ముందే చెప్పాలి. పాలిచ్చే తల్లులు ఇంజెక్షన్ తరువాత 12 గంటలు పాలు ఆపి, పిండి పారబోయాలి.

సూది పడ్డాక దాదాపు గంట కూర్చోబెడతాం. ఆ గదిలోకి మీవాళ్లని రానివ్వం, కోప్పడకండి. తరువాత బాత్రూంకి వెళ్లొచ్చి, కదలకుండా అరగంట పడుకుంటే అయిపోతుంది. ఎంఆర్ఐ లాంటి మోత ఉండదు. ఆ రోజు చంటిపిల్లల్ని, గర్భిణుల్ని ఒళ్లో, పక్కన కూర్చోబెట్టుకోవద్దు. పన్నెండు గంటలు గడిచేసరికి గాలియంలో వెయ్యో వంతు కూడా మిగలదు.

ప్రోస్టేట్‌కి రాసే పీఎస్ఎంఏ స్కాన్‌లోనూ చాలాచోట్ల వాడేది ఈ గాలియమే, అతుక్కునే అణువు మాత్రం వేరు. ఆక్ట్రియోటైడ్ తేదీ లెక్క దానికి లేదు.

చివరికి ఆ బొమ్మ. వాట్సాప్‌లో మావయ్యలందరికీ పంపేసి, "ఇన్నిచోట్ల నల్లగా ఉందేంటి?" అని ఏడుస్తారు. ప్లీహం, కిడ్నీలు, అడ్రినల్, పిట్యూటరీ, కాలేయం, మూత్రాశయం అందరికీ కనిపిస్తాయి, ప్లీహం ఇంకా ముదురు. క్లోమం తలలో ఒక మూల కూడా మామూలుగానే కాస్త పట్టొచ్చు. రిపోర్టులో ఫిజియలాజికల్, అంటే మామూలుగా ఉండేవే, అని రాసినవి ఇవే. గడ్డ కాలేయం కన్నా ముదురుగా పడితే లుటీషియం-177 చికిత్సకి దారి ఉందేమో డాక్టర్లు ఆలోచిస్తారు. అదే పెప్టైడ్ మీద గాలియం బదులు రేడియోధార్మిక లుటీషియం కూర్చోబెట్టి గడ్డకి పంపే వైద్యం అది. ఏమీ పట్టలేదంటే జబ్బు లేదని కాదు, రిసెప్టార్లు లేవనైనా కావచ్చు.

వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు సీడీ అడిగి తీసుకోండి. ఏ మందుతో చేశారో, ఎన్ని నిమిషాలకి తీశారో కాగితం మీద ఉందో లేదో చూసుకోండి. మళ్లీ స్కాన్ రాస్తే వీలైనంతవరకు అదే సెంటర్‌లో, అదే మందుతో చేయించండి, పోల్చడం తేలిక.