పొలం పనికి జీన్స్ కొంటున్నారా? ముందు గొంతుక్కూర్చుని చూడండి

అద్దం ముందు నిలబడితే ఏ జీన్సైనా బాగానే కనిపిస్తుంది. కానీ పొలంలో మన ఆడవాళ్లం నిటారుగా నిలబడేది ఎంతసేపు? కలుపు తీయాలి, కంచె దాటాలి, మోకాళ్ల మీద కూర్చుని పైపు బిగించాలి. అందుకే కొనేముందు వేసుకుని గొంతుక్కూర్చోండి, తర్వాత ఒక కాలు ఎత్తి స్టూల్ మీద పెట్టి చూడండి. వెనక నడుము కిందికి జారిపోతున్నా, తొడల దగ్గర గుడ్డ పట్టేసినా, బొత్తం పొట్టలో గుచ్చుకున్నా ఆ జత వద్దు. వాడగా వాడగా వదులవుతుందిలే అని సర్దుకోకండి, నేను అలా సర్దుకుని కొన్న జత బస్తా ఎత్తబోతుంటే కాళ్లు కలిసే చోట నిలువునా చిరిగింది.

గుడ్డ సంగతి చాలామంది అడగరు. డెనిమ్ మందాన్ని ఔన్సుల్లో చెప్తారు, అంటే ఒక చదరపు గజం గుడ్డ ఎంత బరువు ఉంటుందనేది. ఆడవాళ్ల ఫ్యాషన్ జీన్స్ తరచుగా 8 నుంచి 11 ఔన్సుల్లోనే ఉంటాయి, ముళ్లకు, కంచె తీగకు అది ఆగదు. పనికి 12 నుంచి 14 చూడండి. లేబుల్ మీద జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని) ఉంటే 12 ఔన్సులంటే సుమారు 400. బాగా ఎండలో పని అయితే 14 జోలికి పోకండి, బరువు, ఉక్క రెండూ ఎక్కువే.

సాగే గుణం కొంచెం ఉంటే వంగడానికి హాయిగానే ఉంటుంది, కాకపోతే ఎలాస్టేన్ అనే సాగే దారం 1, 2 శాతం దాటకుండా చూసుకోండి. ఎక్కువున్నవి కొన్నాళ్లకే మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడతాయి. పాలిస్టర్ కలిస్తే త్వరగా ఆరుతుంది నిజమే, కానీ మంట దగ్గర, వెల్డింగ్ నిప్పురవ్వల దగ్గర అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. అలాంటి పనికి పూర్తి కాటన్ వేసుకోండి.

ఇప్పుడు జీన్స్‌ని తిరగేయండి. కాళ్ల కుట్లలో గుడ్డ అంచులు ఒకదాన్లో ఒకటి మడిచి, పైన రెండు మూడు వరుసలు కుట్టి ఉంటే గట్టిది. కాళ్లు కలిసే చోట గసెట్ అనే అదనపు ముక్క ఉంటే ఇంకా మంచిది, బరువంతా ఒక్క కుట్టు మీద పడదు.

జేబు మూలల్లో రాగి రివెట్లు చూస్తారు కదా, వాటి కథ ఓ ఆడమనిషి అడిగిన దాంతోనే మొదలైంది. అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ దగ్గరికి ఒక కూలీ భార్య వచ్చి, తన భర్తకు చిరగని ప్యాంటు కావాలంది. ఆయన జేబు మూలల్లో రివెట్లు బిగించాడు. గుడ్డల వ్యాపారి లెవీ స్ట్రాస్‌తో కలిసి ఆయన ఆ పద్ధతికి పేటెంట్ తీసుకున్నది 1873లో. స్ట్రాస్ కంపెనీ ఆడవాళ్ల కోసం జీన్స్ తెచ్చింది మాత్రం 1934లో!

జేబులో చెయ్యి మణికట్టు దాకా దిగాలి. దిగకపోతే వంగిన ప్రతిసారీ ఫోన్ బురదలో పడుతుందేమోనని టెన్షనే. ఆడవాళ్ల సైజుల్లో ఇవన్నీ దొరక్కపోతే మగవాళ్ల జీన్స్ కొని నడుము దగ్గర దర్జీతో బిగుతు చేయించుకోండి, నాకైతే అది బాగా కుదిరింది.

మోకాలి దగ్గర రెండు పొరలున్నది దొరికితే వదలొద్దు. ఉతికేటప్పుడు తిరగేసి చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. అప్పుడప్పుడు వెలుతురుకు ఎత్తి చూస్తే గుడ్డ ఎక్కడ పలచబడిందో తెలుస్తుంది, చిరిగేదాకా ఆగకుండా అప్పుడే లోపలివైపు నుంచి మాసిక వేయించండి.