తెల్ల యూనిఫాం మీద బెటాడిన్ మరక పడితే

ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే డ్రెస్సింగ్ రూమ్‌లో పోస్టింగ్ ఉన్న వారమంతా నా తెల్ల కోటు మీద ఎక్కడో ఒకచోట గాయాలకు పూసే బెటాడిన్ మందు చుక్క పడేది. సబ్బుతో ఎంత రుద్దినా పసుపు ఛాయ మిగిలిపోయేది. ఉన్నవి రెండే జతలు, పొద్దున్నే ఏడున్నరకల్లా వార్డులో ఉండాలి.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్ర ఒకటి మెత్తగా పొడి చేసి, రెండు మూడు చెంచాల నీళ్లలో కలపాలి. మరక కింద పాత టవల్ మడత పెట్టి, ఆ నీళ్లు దూదితో అద్దాలి. రుద్దక్కర్లేదు. ముదురు గోధుమ రంగు కళ్ల ముందే లేత పసుపై, నిమిషం రెండు నిమిషాల్లో పోతుంది. మొండిగా ఉంటే ఇంకోసారి అద్ది, తర్వాత మామూలుగా ఉతికేయండి. బెటాడిన్ రంగు అయోడిన్‌ది, విటమిన్ సి దాన్ని రంగు లేని అయోడైడ్‌గా మారుస్తుంది.

మాత్ర మాత్రం తెల్లదే కొనండి. చప్పరించే నారింజ రంగు బిళ్లలు వాడితే ఆ రంగే గుడ్డకు అంటుకుంటుంది. బ్లీచ్‌తో అసలు కలపకండి. బాల్‌పెన్ సిరా, జెన్షన్ వయొలెట్ (ఊదా రంగు మందు), రక్తం మరకలకు ఇది పనిచేయదు. రక్తమైతే వెంటనే చన్నీళ్లలో నానబెట్టండి, వేడినీళ్లు పోస్తే గట్టిపడి ఇక వదలదు.

పొడి చేసిన మాత్రను చిన్న సీసాలో వేసి హాస్టల్ బకెట్ పక్కనే పెట్టుకున్నాను. నీళ్లు మాత్రం అప్పటికప్పుడే కలుపుతాను.