కాలేజీ ఫీజు రసీదు పన్నును ఎప్పుడు తగ్గిస్తుంది?

ఫిబ్రవరి వచ్చిందంటే బొబ్బిలి దగ్గర మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల స్టాఫ్‌రూంలో బల్లల నిండా రసీదులే. నేను లెక్కల టీచరును. పదకొండేళ్లుగా సహోద్యోగుల ఆదాయపు పన్ను పత్రాలు నింపడంలో సాయపడుతున్నాను. ఈ ఏడాది మా తెలుగు మాస్టారు తన కొడుకు ఇంజినీరింగ్ ఫీజు రసీదులన్నీ ఒక కవరులో పెట్టుకొచ్చి, "మేడం, ఇవన్నీ చూపిస్తే ఎంత తగ్గుతుంది?" అని అడిగారు. ఆయన జీతం ఏడాదికి 11,40,000. ఈ రసీదులతో ఒక్క రూపాయి కూడా తగ్గదని చెప్పాల్సి వచ్చింది. ఆయన ముఖం వాడిపోయింది. లెక్క చూపించాక తేరుకున్నారు.

ఆ లెక్క ఇది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను పద్ధతిలో జీతం నుంచి ముందుగా 75,000 ప్రామాణిక తగ్గింపు పోతుంది. మిగిలింది 12 లక్షలు దాటకపోతే పన్ను లేదు. మాస్టారికి మిగిలేది 10,65,000 కాబట్టి పన్ను సున్నా. అలవాటు కొద్దీ పాత పద్ధతినే ఎంచుకుని ఉంటే? 50,000 ప్రామాణిక తగ్గింపు, 80సీ (పీఎఫ్, బీమా, పిల్లల ట్యూషన్ ఫీజు లాంటి వాటికి మినహాయింపు ఇచ్చే సెక్షన్) కింద నిండుగా లక్షన్నర తీసేసినా 9,40,000 మిగులుతుంది. దాని మీద సెస్సుతో (పన్ను మీద అదనంగా వేసే 4 శాతం) కలిపి 1,04,520 కట్టాలి. ఫీజు రసీదులు వాడుకోవాలన్న ఆశతో లక్ష రూపాయలు పోగొట్టుకునేవారు.

అందుకే రసీదులు బయటికి తీయకముందే పద్ధతి ఏదో తేల్చుకోండి. పిల్లల ట్యూషన్ ఫీజుకు ఇచ్చే 80సీ మినహాయింపు, విద్యా రుణం వడ్డీకి ఇచ్చే 80ఈ మినహాయింపు, రెండూ పాత పద్ధతిలోనే దొరుకుతాయి. 2023-24 నుంచి మీరు ఏమీ చెప్పకపోతే కొత్త పద్ధతే వర్తిస్తుంది. జీతగాళ్లు ఏటా మార్చుకోవచ్చు. అయితే పాత పద్ధతి కావాలంటే రిటర్ను గడువులోగా వేయాలి. గడువు దాటితే ఆ అవకాశం ఉండదు.

విదేశాల్లో ఉన్న బంధువుల మాటలు విని కొందరు ఇక్కడా ఫీజు పన్నులోంచి నేరుగా తగ్గుతుందని పొరపాటు పడుతుంటారు. అమెరికాలో న్యూయార్క్ లాంటి రాష్ట్రం తన పన్ను నుంచి డిగ్రీ విద్యార్థి ఒక్కొక్కరికి 400 డాలర్ల వరకు నేరుగా తగ్గిస్తుంది. మన దగ్గర ఆదాయపు పన్ను కేంద్రానిది. రాష్ట్రం చేసే సాయం ఫీజు రీయింబర్స్‌మెంట్ రూపంలో, అదీ తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు వస్తుంది. కేంద్రం ఇచ్చే మినహాయింపు పన్నులోంచి కాదు, ఆదాయంలోంచి పోతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి పది వేల ఫీజు మీద మిగిలేది సెస్సుతో కలిపి 2,080 రూపాయలు.

ఇక రసీదు సంగతి. దీని విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను, ఎందుకంటే నాకే దెబ్బ తగిలింది. రెండేళ్ల కిందట ఇంటి రుణం వడ్డీ ఉండడంతో నాకు పాత పద్ధతే మేలుగా ఉండేది. మా పెద్దమ్మాయి కాలేజీవాళ్లు ఒకే వరుసలో "వార్షిక రుసుము 1,38,000" అని రాసి ముద్ర వేసి ఇచ్చారు. పన్ను పత్రాలు చూసే ఉద్యోగి దాన్ని పక్కన పెట్టేశారు. అందులో ట్యూషన్ ఎంతో తెలియదు కదా, ఆయన మాట న్యాయమే. విజయనగరం నుంచి రెండుసార్లు బస్సెక్కి వెళ్తే గానీ విడివిడిగా రాసిన రసీదు చేతికి రాలేదు. ట్యూషన్ 64,000, హాస్టలు, భోజనం 61,000, అభివృద్ధి రుసుము 8,000, ప్రయోగశాల డిపాజిట్ 5,000. వీటిలో 80సీకి పనికొచ్చేది మొదటి 64,000 ఒక్కటే. హాస్టలు, బస్సు, డిపాజిట్, అభివృద్ధి రుసుము, విరాళం ఏదీ చెల్లదు. అదీ కాక నా పీఎఫ్, ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల బీమా), ఎల్ఐసీ కలిపి అప్పటికే 96,000 అయ్యాయి. లక్షన్నర పరిమితి వీటన్నిటికీ కలిపి ఒక్కటే కాబట్టి ఆ 64,000లో 54,000 మాత్రమే ఉపయోగపడింది. అలా ఆదా అయిన పన్ను 11,232. రెండు రోజుల సెలవు, తిరుగుడు అంతా దానికోసమే. మీరు ఫీజు కట్టే రోజునే, కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే, ట్యూషన్ విడిగా రాయించుకోండి. చదువు కోసం వేరే ఊళ్లో ఉన్న పిల్లలకు కూడా ఈ మాట ముందే చెప్పి పెట్టండి.

కొన్ని నియమాలు క్లుప్తంగా చెప్తాను. సంస్థ భారతదేశంలో ఉండాలి, చదువు పూర్తికాలపుది కావాలి, ఫీజు ఆ ఆర్థిక సంవత్సరంలోనే కట్టి ఉండాలి. సొంత పిల్లలకే, అదీ ఒక్కొక్కరు ఇద్దరి వరకే చూపించుకోవచ్చు. మీ సొంత చదువుకు, తమ్ముడి చదువుకు 80సీ రాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఎవరు కట్టిన మొత్తం వారు చూపించుకోవచ్చు. ఒకే రసీదును ఇద్దరూ చూపడం తప్పు.

విద్యా రుణం విషయం దీనికంటే పెద్దది. వడ్డీకి 80ఈలో పై పరిమితి లేదు, విదేశీ చదువైనా వర్తిస్తుంది. తన కోసం, భార్య లేదా భర్త కోసం, పిల్లల కోసం తీసుకున్న రుణానికి చెల్లుతుంది. అసలుకు మాత్రం రాదు. రుణం బ్యాంకు లాంటి గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ నుంచి గానీ, ఆమోదం పొందిన ధార్మిక సంస్థ నుంచి గానీ తీసుకోవాలి. మా బంధువొకరు కూతురి చదువుకు ఊళ్లో తెలిసినవారి దగ్గర నోటు రాసి అప్పు తెచ్చారు. ఏటా కట్టిన వడ్డీలో ఒక్క పైసా కూడా లెక్కలోకి రాలేదు. రుణ పత్రాల్లో రుణగ్రహీతగా లేదా సహ రుణగ్రహీతగా పన్ను కట్టే వ్యక్తి పేరు ఉండేలా సంతకాల రోజునే చూసుకోండి. వాయిదాలు ఆ వ్యక్తి ఖాతా నుంచే వెళ్లాలి. ప్రభుత్వం భరించిన వడ్డీని మీరు కట్టినట్టు చూపకూడదు.

చాలామంది గమనించని విషయం ఎనిమిదేళ్ల గడువు. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన సంవత్సరంతో కలిపి ఎనిమిదేళ్లే ఈ మినహాయింపు. చదువు నడుస్తుండగా కొద్దికొద్దిగా వడ్డీ కడితే గడియారం అప్పుడే తిరగడం మొదలవుతుంది. అలాగని పన్ను కోసం వడ్డీ కట్టకుండా పేరబెట్టడం నాకు నచ్చదు. అప్పు పెరిగి చివరికి మన మీదే పడుతుంది. ముందుగా వడ్డీ కట్టేవారికి బ్యాంకు ఏమైనా రాయితీ ఇస్తుందేమో అడిగి తెలుసుకోండి.

శ్రీకాకుళంలో ఉండే మా చెల్లెలి జీతం 15 లక్షలు, సీపీఎస్ (ఉద్యోగి చందా కట్టే పింఛను పథకం) ఉద్యోగి. కూతురి విదేశీ చదువు రుణానికి నిరుడు 3,60,000 వడ్డీ కట్టింది. మేమిద్దరం ఒక కాగితాన్ని మధ్యకు గీత గీసి రెండు భాగాలు చేసుకున్నాం. ఎడమ వైపు కొత్త పద్ధతి: 14,25,000 మీద సెస్సుతో 97,500. కుడి వైపు పాత పద్ధతి: 50,000, 80సీ లక్షన్నర, పింఛను చందా అదనపు 50,000, ఆరోగ్య బీమా 25,000, విద్యా రుణం వడ్డీ 3,60,000 తీసేస్తే 8,65,000. పన్ను సెస్సుతో 88,920. ఆమెకు పాతదే మేలు, 8,580 రూపాయలు మిగిలాయి. ఆ వడ్డీ గనక లేకపోతే కుడి వైపు 1,87,200 అయ్యేది. కాబట్టి వడ్డీ ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా కాగితం మీద రెండు వైపులా వేసి చూడాల్సిందే.

పాత పద్ధతి అని తేలాక బ్యాంకు నుంచి ఆ ఏడాది వడ్డీ ధ్రువపత్రం తెచ్చుకోండి. అసలు, వడ్డీ విడిగా ఉండాలి. రిటర్నులో బ్యాంకు పేరు, రుణ ఖాతా సంఖ్య, మంజూరు తేదీ, రుణం మొత్తం, మిగిలిన బాకీ కూడా అడుగుతారు. డీడీవోకు (జీతాల బిల్లు పెట్టే అధికారికి) పత్రాలు ఇవ్వడం ఆలస్యమై జీతంలో ఎక్కువ పన్ను కోసేసినా కంగారు పడకండి. గడువులోగా రిటర్ను వేస్తే అదనంగా పోయినది వాపసు వస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి. 2026-27 ఆర్థిక సంవత్సరం నుంచి పత్రాల్లో 80సీ, 80ఈ అని కనిపించకపోతే మినహాయింపు పోయిందనుకోవద్దు. ట్యూషన్ ఫీజు, విద్యా రుణం వడ్డీ అనే మాటల కోసం వెతకండి.